గోడ అడుగున లేనిది

ఇల్లు కట్టుకునేవాళ్లకు స్కర్టింగ్ గుర్తొచ్చేది అన్నిటికన్నా ఆఖర్న. ఫ్లోరింగ్ టైల్స్ కోసం ఆదివారాలన్నీ షోరూముల్లో గడిచిపోతాయి, వంటింటి గ్రానైట్ రంగు మీద ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. గోడ అడుగున నడిచే 4 అంగుళాల పట్టీని మాత్రం మిగిలిన టైల్స్ కోసి మేస్త్రీ తనకు తోచినట్టు అంటించి వెళ్లిపోతాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇదే. ప్లాస్టరింగ్ మీద అంటించిన ఆ పట్టీ గోడ కన్నా అర అంగుళం ముందుకు వస్తుంది. దాని నెత్తిన దుమ్ము పేరుకుంటుంది. బీరువా గోడకు ఆనకుండా అంతమేర దూరంగా నిలబడుతుంది.

ఈమధ్య ఆ పట్టీని గోడలోకి నెట్టేయమని అడిగేవాళ్లు పెరిగారు. అందులోనూ మూడు దారులున్నాయి. పట్టీ గోడ ముఖంతో సమంగా కూర్చుని, పైన సన్నటి గాడి మాత్రం కనిపించడం ఒకటి. పట్టీ గోడ కన్నా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి వెళ్లి నీడలో ఉండడం రెండోది. పట్టీ అసలే లేకుండా, ప్లాస్టరింగ్ నేలకు కాస్త పైనే ఆగిపోవడం మూడోది. ఇంటీరియర్ వాళ్లు దీన్ని షాడో గ్యాప్ అంటారు. చివరి రెంటిలోనూ కంటికి ఆనేది ఒక నీడగీత. బరువైన గోడ నేలను తాకకుండా కాస్త పైన నిలిచినట్టు కనిపిస్తుంది. అందంగానే ఉంటుంది, సందేహం లేదు.

అయితే ఇంత కష్టపడి, ఇంత ఖర్చు పెట్టి ఆ ఇంటివాళ్లు సంపాదించుకున్నదేమిటి? ఒక వస్తువు అక్కడ లేకపోవడం. లేకపోవడం కూడా ఉన్నవాటిలో ఒకటేనా? దాన్ని చేయవచ్చా, చూడవచ్చా, దానికి ఎవరైనా బాధ్యత వహించాలా? గృహాలంకరణ పుస్తకాల్లో ఈ ప్రశ్నకు చోటు లేదు గానీ, భారతీయ తర్కంలో మహా పండితులు తరాల తరబడి దీని మీదే తలపడ్డారు. విచిత్రమేమిటంటే వాళ్లు కూడా నేలనే చూస్తూ వాదించారు.

కణాదుడి వైశేషిక సూత్రాల్లో పదార్థాలు ఆరు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం. తర్వాతి వాళ్లు ఏడోదిగా అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, చేర్చారు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ ఏడింటితోనే మొదలవుతుంది; తర్కం నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ముందుగా తెరిచేది ఆ చిన్న పుస్తకాన్నే. అభావానికి అందరూ ఇచ్చే ఉదాహరణ ఒక్కటే: నేల మీద కుండ లేకపోవడం. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఇక్కడ రెండు షరతులు పెట్టారు. ఏది లేదో చెప్పాలి, దాన్ని ప్రతియోగి అన్నారు. ఎక్కడ లేదో చెప్పాలి, దాన్ని అధికరణం అన్నారు. ఈ రెండూ చెప్పకుండా ఊరికే "లేదు" అంటే ఆ మాటకు అర్థం లేదు. కుండ ప్రతియోగి, నేల అధికరణం. మన గోడ విషయంలో ప్రతియోగి స్కర్టింగ్, అధికరణం గోడ అడుగు.

మీమాంస అనే మరో దర్శనం వాళ్లలోనే దీని మీద రెండు పక్షాలున్నాయి. ప్రభాకరుడి పక్షం వాళ్లకు కుండ లేకపోవడం అంటూ వేరే ఏమీ లేదు. ఒట్టి నేల కనబడడమే దానికి మరో పేరు. కుమారిలభట్టు ఒప్పుకోలేదు. అభావం నిజంగా ఉంది, దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే వేరే ప్రమాణం కూడా ఉంది అన్నాడు. అయితే కనబడనిదల్లా లేనట్టు కాదు. చీకట్లో కుండ కనబడకపోతే అది లేదని తేల్చలేం. ఉంటే కనబడి తీరాల్సిన చోట, కనబడి తీరాల్సిన వెలుతురులో కనబడకపోవాలి. అప్పుడే అది లేదన్న జ్ఞానం నిలబడుతుంది.

కుమారిలుడి షరతును ఇవాళ్టి డ్రాయింగ్ రూమ్‌లోకి తెచ్చి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. స్కర్టింగ్ ఉండి తీరుతుందని అలవాటుపడ్డ కన్నుకే అది లేకపోవడం కనిపిస్తుంది. పేడతో అలికిన నేల, మట్టిగోడ మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఆ నీడగీత ఒక గీత మాత్రమే. అక్కడ ఏదో తీసేశారన్న ఊహే రాదు.

అలాగని మట్టిగోడ అడుగు ఖాళీగా ఉండేదని కాదు. తెలుగు పల్లెల్లో సున్నం కొట్టిన గోడకు కింద మూరెడు మేర జాజు పూసేవాళ్లు, అంచు మీద తెల్ల గీతలో ముగ్గులో వేసేవాళ్లు. పండక్కి అందంగా ఉంటుందనే పూసినా, దాని పని దానికి ఉంది. వానకు చూరు నీళ్లు నేల మీద పడి చిందే ఎర్రమట్టి మరకలు తెల్లసున్నం మీద అసహ్యంగా కనిపిస్తాయి, జాజు మీద కలిసిపోతాయి. లోపల చీపురు తగిలే చోటు, అలికేటప్పుడు చెయ్యి జారి పేడనీళ్లు తగిలే చోటు కూడా అదే. తర్వాత తాండూరు, బేతంచెర్ల, కడప బండలు వచ్చాక అదే బండను కోసి గోడ అడుగున నిలబెట్టారు. రెడ్ ఆక్సైడ్ గచ్చు వేసిన పాత మేడల్లో ఆ ఎర్ర సిమెంటునే గోడ మీదికి కొంత ఎక్కించి నున్నగా రుద్దేవాళ్లు. కొన్నిచోట్ల మూలను గుండ్రంగా తిప్పేవాళ్లు, నీళ్లు గానీ దుమ్ము గానీ నిలవకుండా. ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదులకు నేటికీ మూలలు అలాగే తిప్పుతారు.

ఇన్ని రూపాల వెనకా ఉన్న పని ఒకటే. గోడ మెత్తనిది, నేల తడిది, మనిషి కాలు నిలకడ లేనిది. ఈ మూడూ కలిసే చోట కాస్త గట్టిగా ఏదో ఒకటి ఉండాలి.

టైల్స్ వచ్చాక ఇంకో పని తోడైంది. గోడ, నేల ఒకే వస్తువు అనిపిస్తాయి గానీ కావు. రెండూ వేర్వేరుగా వేడెక్కుతాయి, వేర్వేరుగా చల్లబడతాయి, కొత్త భవనమైతే వేర్వేరుగా సర్దుకుంటాయి. అందుకే నేల టైల్స్‌ను గోడకు బిగుతుగా తన్నిపెట్టకుండా చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే ఏదో ఒక రోజు హాలు మధ్యలో టైల్స్ పెద్ద చప్పుడుతో గుడారంలా పైకి లేస్తాయి. అలా లేచిన ఇళ్లు హైదరాబాద్‌లో కొల్లలు. చాలామంది భూకంపం అనుకుని బయటికి పరుగెత్తారు కూడా. చెక్క ఫ్లోరింగ్‌కైతే ఈ సందు 8 నుంచి 12 మి.మీ. దాకా కావాలి, తేమకు చెక్క ఉబ్బుతుంది కనుక. ఆ సందును కప్పేది స్కర్టింగే.

వైశేషికులు ఇక్కడ మరో భేదం చెప్పారు. దారాలు, వాటితో నేసిన గుడ్డ విడదీయలేని సంబంధంలో ఉంటాయి, అది సమవాయం. విడివిడిగా ఉండగల రెండు వస్తువులు తాకితే అది సంయోగం. సంయోగం ఒక గుణం మాత్రమే. ఇవాళ ఉంటుంది, విభాగం వచ్చిన రోజున పోతుంది. గోడకూ నేలకూ ఉన్నది సంయోగమేనని టైల్స్ లేచిన ఇంటివాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నీడగీత పక్షాన వినిపించగల అత్యంత బలమైన వాదన ఇక్కడే ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన పట్టీ ఆ కలయికను కప్పేస్తుంది. లోపలికి వెళ్లిన పట్టీ, ఇవి రెండూ వేరు, ఇక్కడ కలుస్తున్నాయి అని ఒప్పుకుంటుంది.

ఇటలీ వాస్తుశిల్పి కార్లో స్కార్పా ఈ ఒప్పుకోలును ఒక నైతిక నియమంగానే పాటించాడు. వెరోనా నగరంలో కాస్టెల్‌వెక్కియో అనే మధ్యయుగపు కోటలో ఉన్న మ్యూజియాన్ని పునరుద్ధరించే పని 1950ల చివర్లో ఆయనకు వచ్చింది. కొత్తగా వేసిన నేలను పాత గోడ దాకా తీసుకెళ్లకుండా ముందే ఆపాడు, మధ్యలో పల్లపు సందు వదిలాడు. శతాబ్దాల వయసున్న గోడ మీద తన కాలపు నేల వచ్చి ఆనకూడదని ఆ నిర్ణయం. అక్కడ సందు అలంకారం కోసం పుట్టలేదు. ఒకరి హద్దును మరొకరు గౌరవించడం నుంచి పుట్టింది.

మన ఆలయాలకూ అడుగున నీడ కొత్తకాదు. అధిష్ఠానంలో, అంటే గుడి పీఠంలో, ఉపానం, జగతి, కుముదం, ఆ పైన కంఠం, పట్టిక అని వరుసలుంటాయి. వీటిలో కంఠం లోపలికి పోయిన భాగం. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అక్కడ చిక్కటి నీడ నిలుస్తుంది. పైన ఉన్న రాతి బరువంతా ఆ నీడ మీద నిలిచినట్టుంటుంది, నిజానికి నిలిచింది కంఠంలో ఉన్న రాయి మీదే. శిల్పికి నీడ కావాల్సి వచ్చింది గానీ అందుకోసం రాయిని తీసేయలేదు, వెనక్కి జరిపాడు. మన ఇంటి గోడకూ ఈ తేడా ముఖ్యం.

ఇక లేపాక్షి. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఆ వీరభద్రాలయం 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో కట్టింది. మండపంలో ఒక స్తంభం అడుగు దాదాపుగా నేలను ఆనదు. చూడవచ్చినవాళ్లు పైటకొంగో తుండుగుడ్డో కింది నుంచి ఇటు దూర్చి అటు లాగుతారు. ఆ స్తంభం శిల్పం మీద చాలామంది కన్ను నిలవదు, కింద ఉన్న సందు కోసమే వరుసకడతారు. లేకపోవడం ఒట్టి నేల చూడడమే అన్న ప్రభాకరుడి మాట అక్కడ నిలబడడం కష్టం. గుడ్డ అటువైపు వచ్చేసరికి జనానికి ఏదో నిజమైనది దొరికినట్టే ఉంటుంది. స్తంభం ఆనాల్సిన చోట ఆనలేదు. కుమారిలుడు పెట్టిన షరతు అక్కడ పూర్తిగా నెరవేరింది.

అభావం నిజమే అనుకుంటే, దాన్ని చేసే పద్ధతి కూడా ఉండాలి. ఉంది, అది పట్టీ అంటించడం కన్నా కష్టం.

అన్నంభట్టు అభావాన్ని నాలుగు రకాలుగా చెప్పాడు. వాటిలో రెండు ఇక్కడ అక్షరాలా పనికొస్తాయి. కొత్త ఇంట్లో ప్లాస్టరింగ్ మొదలవకముందే నిర్ణయిస్తే, ముందుకొచ్చే పట్టీ ఆ గోడకు ఎప్పుడూ లేదు, ఉండబోదు. అత్యంతాభావానికి దగ్గరి సంగతి. పాత ఇంట్లో ఉన్న పట్టీని సుత్తి, శానంతో ఊడగొడితే మిగిలేది ప్రధ్వంసాభావం. ప్లాస్టర్ పెచ్చులూడిన అంచు, లోపల ఇటుక, ఒక్కోచోట ఒక్కో లోతు. రెండోదాన్ని మొదటిదానిలా కనిపించేలా చేయడానికి గోడ కింది భాగం మొత్తం మళ్లీ కట్టినంత పని పడుతుంది. అందుకే ఈ ఆలోచన ఫ్లోరింగ్ సమయంలో వస్తే మేస్త్రీ తల పట్టుకుంటాడు.

కొలతలు ఇలా ఉంటాయి. లోపలి గోడలకు ప్లాస్టరింగ్ మందం మామూలుగా 12 నుంచి 15 మి.మీ. విట్రిఫైడ్ టైల్ 8 నుంచి 10 మి.మీ., కింద అంటించే గమ్ము ఒక 3 మి.మీ. ప్లాస్టరింగ్‌ను నేలకు 100 మి.మీ. పైన ఆపి, ఆ ఖాళీలో ఇటుక మీదే టైల్ అంటిస్తే పట్టీ గోడతో సరిగ్గా సమంగా వస్తుంది. ఇంకా లోపలికి పోవాలంటే ఆ మందంలో చోటు లేదు. పట్టీ పలచబడాలి, లేకపోతే గోడ ముందుకు రావాలి. పలచని అల్యూమినియం పట్టీ వాడడం ఒక మార్గం. గోడకు 12.5 మి.మీ. జిప్సం బోర్డు తొడిగి, దాన్ని నేలకు పైనే ఆపేయడం ఇంకో మార్గం. రెండోదానితో ఒక మేలుంది. జిప్సం తడిని పీల్చుకుంటుంది కనుక ఎలాగూ నేలకు తగలకూడదు.

గోడను కోసి లోతు తెస్తామనే వాళ్లుంటారు. 4.5 అంగుళాల ఇటుక గోడను అడుగున పొడవునా అడ్డంగా కోయడం దాన్ని బలహీనపరచడమే. ఇప్పటి ఎత్తైన టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతిలో అల్యూమినియం ఫ్రేములు బిగించి గోడల్ని కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. ఆ గోడలు భవనాన్ని మోస్తున్నాయి. లోపలి ఇనుముకు కాపలాగా ఉన్నది పైనున్న కాస్త కాంక్రీటు పొరే. దాన్ని కటింగ్ మిషన్‌తో గాడి కొట్టడానికి ఎవరూ ఒప్పుకోకూడదు. నీడ కావాలంటే బోర్డు తొడగాలి, లేదా ఆశ వదులుకోవాలి.

ప్లాస్టర్ ఆగే అంచు తిన్నగా రావడానికి ఎల్ ఆకారపు ప్రొఫైల్ ముందే బిగిస్తారు. పైపూత లేని ఒట్టి అల్యూమినియాన్ని తడి సిమెంటులోని క్షారం తినేస్తుంది, కాబట్టి పౌడర్ కోటింగ్ ఉన్నదో పీవీసీదో తీసుకోవాలి. ఆ ప్రొఫైల్ ఎత్తును పాత రసమట్టంతో కాక లేజర్ లెవెల్‌తో గది చుట్టూ ఒకేసారి గుర్తించాలి. నేల టైల్స్ పూర్తయ్యాక ఎంత ఎత్తు వస్తుందో అప్పటికే తేలి ఉండాలి. 10 మి.మీ. అనుకున్న నీడగీత ఒక మూల 7, ఇంకో మూల 13 అయితే సాయంత్రం లైటు వేయగానే ఎవరికైనా తెలిసిపోతుంది. ముందుకొచ్చే పట్టీ ఇలాంటి తేడాలన్నిటినీ కడుపులో దాచుకునేది. నీడ దాచదు. తలుపు ఫ్రేము దగ్గర గీత ఎక్కడ ఆగాలి, గడపకు తగిలి ఆగాలా, ఫ్రేము వెంట పైకి తిరగాలా అన్నది కూడా ముందే గీసుకోవాల్సిన సంగతి.

ఈ శ్రమ లెక్క ఒక పాత వాదాన్ని తిరగేస్తుంది. ఆస్ట్రియా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ 1910లో వియన్నాలో అలంకారం నేరమని ప్రసంగించాడు. ఆయన ప్రధాన ఫిర్యాదు శ్రమ వృథా గురించి: నగిషీ చెక్కే కార్మికుడు ఎక్కువ గంటలు పని చేస్తాడు, తక్కువ సంపాదిస్తాడు, నగిషీ పోతే ఆ గంటలు అతడికి మిగులుతాయి. వందేళ్ల తర్వాత గోడ అడుగున జరుగుతున్నది దీనికి పూర్తిగా ఎదురు. పట్టీ తీసేసి నున్నగా చేయడానికి పట్టే గంటలు పట్టీ అంటించడానికి పట్టే గంటల కన్నా చాలా ఎక్కువ. సాదాతనమే ఇక్కడ ఖరీదైన నగిషీ అయింది. లోస్ లెక్కే నిజమైతే ఈ సాదాతనం కూడా ఆయన బోనులో నిలబడాలి.

ఇంగ్లిష్ విమర్శకుడు జాన్ రస్కిన్ అడిగింది వేరు. 1849లో వచ్చిన సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పుస్తకంలో సత్యం ఒక దీపం. బరువును ఒకటి మోస్తుంటే మరొకటి మోస్తున్నట్టు చూపించడం, ఒక పదార్థానికి మరో పదార్థపు వేషం వేయడం ఆయన దృష్టిలో మోసాలు. తేలుతున్నట్టున్న గోడ మొదటి రకం మోసమే కదా అనిపిస్తుంది. కానీ రస్కినే ఒక మినహాయింపు ఇచ్చాడు. కట్టడాల మీద బంగారు పూతను ఎవరూ బంగారమనుకోరు కనుక అది మోసం కాదన్నాడు. గోడ గాల్లో ఉందని మన ఇంటికొచ్చిన చుట్టమూ అనుకోడు. తేలుతున్నది పైపూతే, గోడ వెనక నిలబడే ఉందని చూసినవాళ్లకు తెలుసు. ఆ లెక్కన లోపలికి జరిగిన పట్టీ నిర్దోషి. చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పట్టీని తెచ్చి టేకు అని చెప్పుకునేవాళ్లే రస్కిన్‌కు జవాబు చెప్పుకోవాలి.

మతం ఈ విషయంలో ఏమంటుందన్నది ఇంకా ఆసక్తికరం. 12వ శతాబ్దంలో, 1125 ప్రాంతంలో, సిస్టర్షియన్ సన్యాసి బెర్నార్డ్ ఆఫ్ క్లేర్వో మఠాల ఆడంబరాన్ని ఎండగడుతూ ఒక రచన చేశాడు. చెక్కిన బొమ్మలు చూస్తూ సన్యాసులు ధ్యానం మరిచిపోతారన్నది ఒక అభ్యంతరం. చర్చి గోడలకు బంగారం తొడుగుతూ పేదల ఒంటి మీద బట్ట లేకుండా వదిలేస్తున్నారన్నది అంతకన్నా బరువైన అభ్యంతరం. అంటే బెర్నార్డ్ దృష్టిలో సాదా గోడకు విలువ దాని రూపంలో లేదు. దాన్ని సాదాగా ఉంచడం వల్ల ఎవరికి ఏం మిగిలిందన్న దానిలో ఉంది.

ఆ సంప్రదాయపు సన్యాసులే 20వ శతాబ్దం చివర్లో ఒక వాస్తుశిల్పిని వెతుక్కున్నారు. ఫ్రాన్స్‌లోని సెట్‌ఫాన్ మఠం వాళ్లు చెక్ దేశంలోని నోవీ ద్వూర్‌లో పాడుబడిన భవంతి ఒకటి కొని కొత్త మఠం కట్టాలనుకున్నారు. వాస్తుశిల్పి జాన్ పాసన్ న్యూయార్క్‌లో కాల్విన్ క్లైన్ బట్టల కంపెనీకి కట్టిన దుకాణం ఫోటోలు వాళ్ల కంటబడ్డాయి. ఆ దుకాణం చూసే మఠం కట్టమని ఆయన్ను అడిగారు. గోడ నేలను కలిసే చోట సన్నటి నీడగీత వదలడం పాసన్ పనిలో తరచూ కనిపించే గుర్తు. 2004లో ఆ మఠం చర్చికి ప్రతిష్ఠ జరిగింది. ఒకే చేయి, ఒకే రకం తెల్ల గోడ: ఒకచోట ఖరీదైన దుస్తులు అమ్మడానికి, ఇంకోచోట అన్నీ వదులుకున్నవాళ్లు రాత్రి లేచి కీర్తనలు పాడుకోవడానికి. దీన్ని పాసన్ మీద విమర్శగా వాడవచ్చు. ఆ విమర్శ సరిగ్గా తగలదు. గోడకు వ్రతం ఉండదు. ఆ గోడల మధ్య జీవించేవాళ్లకు ఉంటుంది, లేదా ఉండదు.

ఇక్కడే "శూన్యం" అన్న మాటను ఇంటీరియర్ ప్రకటనల్లోకి లాక్కొచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. కృష్ణా తీరంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు చెప్పిన శూన్యతకు ఖాళీ గదితో సంబంధం లేదు. ప్రతిదీ ఇతరాల మీద ఆధారపడి పుడుతుంది కనుక దేనికీ తనదంటూ స్వభావం లేదన్నదే ఆయన మాట. ఆ మాట ప్రకారం సామాను కిక్కిరిసిన గది, ఏమీ లేని గది రెండూ సమానంగా శూన్యాలే. సోఫా తీసేస్తే శూన్యత పెరగదు. అయితే ఆధారపడి పుట్టడం అన్న సగం మాత్రం మన గోడకు సూటిగా తగులుతుంది. ఆ నీడగీత దేని మీద, ఎవరి మీద ఆధారపడి నిలబడుతోంది?

తుడిచే మనిషి మీద. ఇంతసేపూ చెప్పిన తర్కం, వాస్తు, సన్యాసం అన్నీ వచ్చి ఆగే చోటు ఇది, ఈ వ్యాసానికి అన్నిటికన్నా ముఖ్యమైన చోటు కూడా. తెలుగు ఇళ్లలో నేల రోజూ చీపురుతో ఊడ్చి తడిగుడ్డతో తుడుస్తారు. వాక్యూమ్ క్లీనర్ మీద నడిచే ఇళ్ల లెక్క వేరు. పట్టీ పూర్తిగా తీసేసి 10 మి.మీ. సందు వదిలితే చీపురు పుల్లలు దానిలోకి దుమ్మును నెడతాయి, బయటికి లాగలేవు. మాప్ నీళ్లు సందులోకి వెళ్లి ప్లాస్టర్‌ను తడుపుతాయి, కొన్ని నెలలకు పెయింటు ఉబ్బుతుంది. పిల్లలున్న ఇంట్లో బిస్కెట్ పొడి, పూజగదిలో అక్షింతలు, బెల్లం ముక్కలు చేరితే చీమలకు అదే రహదారి. ఆ సందును శుభ్రం చేయాలంటే మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డను వేలికి చుట్టి, గది చుట్టూ జరగాలి. అలా జరిగేది చాలా ఇళ్లలో యజమాని కాదు. నెల జీతానికి నాలుగైదు ఇళ్లు చేసుకుంటున్న పనిమనిషి, ఆమె రాని రోజున ఇంటి కోడలో తల్లో.

పట్టీ చేసే పని పట్టీతో పాటు పోలేదు. ఆమె మోకాళ్ల మీదికి జరిగింది. బెర్నార్డ్ వేసిన ప్రశ్న తొమ్మిది వందల ఏళ్ల తర్వాత, మరో మతంలో, మరో దేశంలో, మన హాల్లోనే నిలబడి ఉంది. వస్తువును లేకుండా చేసేవాడు దాని పనికి కూడా ఏర్పాటు చేయాలి. ఏర్పాటు చేయని అభావం కేవలం బరువును కనబడని చోటికి తోయడమే.

ఆ ఏర్పాటు సాధ్యమే, ఆలయ శిల్పి ఎప్పుడో చూపించాడు: తీసేయకు, వెనక్కి జరుపు. మూడు దారుల్లో రెండోదాన్ని ఎంచుకోవడం అందుకే మంచిది. గోడ కన్నా 12 నుంచి 15 మి.మీ. లోపలికి, 80 నుంచి 100 మి.మీ. ఎత్తున, నీళ్లకు చెడని గట్టి పట్టీ ఉండాలి: గ్రానైట్, విట్రిఫైడ్ టైల్, పూత వేసిన అల్యూమినియం, ఏదైనా. అంత ఎత్తున్న చోటికి మాప్, చెయ్యి రెండూ పోతాయి. నీడ గోడ అంచు కిందే పడుతుంది, పట్టీ నీడలో తన పని తాను చేసుకుంటుంది. పై అంచు గోడ కిందికి వెళ్లిపోయింది కనుక దాని నెత్తిన దుమ్ము నిలవదు. వంటింట్లో క్యాబినెట్ల కింద పాదాల కోసం వదిలే లోపలి పట్టీ ఎత్తుతో దీన్ని కలిపితే గీత ఎక్కడా తెగదు. పూజగదిలో, స్నానాల గది ముందర, బాల్కనీ తలుపు దగ్గర ఈ ఆలోచనే వద్దు. అక్కడ గోడతో సమంగా ఉన్న పట్టీ చాలు. నీడలో ఎల్‌ఈడీ లైటు పెట్టాలనుకుంటే 12 లేదా 24 వోల్టులది, నీటి చుక్కలకు తట్టుకునే ఐపీ65 రకం తీసుకోవాలి, డ్రైవర్‌ను నేలకు దూరంగా బిగించాలి.

ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు ఏదో ఒక గోడ మీద మీటరు పొడవున దీన్ని పూర్తిగా చేయించి, పెయింటు కూడా వేయించి చూడాలి. మేస్త్రీకి ఒక రోజు కూలి అదనంగా ఇచ్చి చేయించుకోవాల్సిన పని ఇది. ఇల్లు తుడవబోయే మనిషి ఎవరో తెలిసి ఉంటే ఆమెను పిలిచి, ఆమె చీపురు, ఆమె గుడ్డతోనే ఆ మీటరు తుడిచి చూడమనాలి. వంగకుండా మాప్ లోపలి దాకా వెళ్తోందా, నీళ్లు ఎక్కడైనా నిలుస్తున్నాయా, మూలలో చెయ్యి పడుతోందా అని ఆమెనే అడగాలి. 80 మి.మీ. చాలడం లేదంటే 100 చేయించాలి. అప్పటికీ ఇబ్బందేనంటే ఆ గదికి పాత పట్టీయే ఉంచి, దుమ్ము నిలవకుండా దాని పై అంచును ఏటవాలుగా కోయించాలి.